రీస్టార్ట్ తర్వాతి మొదటి గంట

అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరినవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే గంట ఒకటుంది. సర్వర్ రీస్టార్ట్ చేశారు. డేటాబేస్ పైకొచ్చింది. లాగిన్ అవుతోంది, ఎర్రర్ ఒక్కటీ లేదు, అలర్ట్ లాగ్ శుభ్రంగా ఉంది. కానీ నిన్నటిదాకా రెండు సెకన్లలో వచ్చిన స్క్రీన్ ఇప్పుడు నలభై సెకన్లయినా రావడం లేదు. ఫోన్లు మొదలవుతాయి. మేనేజర్ మీ కుర్చీ వెనక వచ్చి నిలబడతాడు. "ఏమైంది?" అని అడుగుతాడు. ఆ గంటలో మీరేం చేస్తారన్నదాన్నిబట్టి టీముకి మీమీద నమ్మకం కుదరడమో, సడలడమో జరుగుతుంది.

కంగారుపడినవాళ్లు ఇంకోసారి రీస్టార్ట్ చేస్తారు. దాంతో అప్పటిదాకా కుదుటపడింది కాస్తా మళ్లీ మొదటికొస్తుంది. కారణం తెలిసినవాళ్లు ఒక అంకె చూసి, ఒక లెక్క వేసి, "ఇంకో ఇరవై నిమిషాల్లో మామూలవుతుంది" అని చెప్పగలుగుతారు. ఆ ఇద్దరి మధ్య తేడా తెలివితేటల్లో లేదు, అనుభవంలో కూడా అంతగా లేదు. నిబ్బరం పుట్టుకతో రాదు. లోపల ఏం జరుగుతోందో తెలిసి, దానికి లెక్క కట్టగలిగినప్పుడు దానంతటదే వస్తుంది. ఈ అధ్యాయం ఆ లెక్క కోసం.

ఏం పోయింది, ఏం మిగిలింది

డేటా మొత్తం డిస్కులో భద్రంగా ఉంటుంది. రీస్టార్ట్ దాని జోలికి పోదు. పోయేది మెమరీలో ఉన్న నకలు.

డేటాబేస్ ఏదైనా డేటాని చిన్న చిన్న పేజీలుగా పెట్టుకుంటుంది. ఒరాకిల్‌లో మామూలుగా 8 కేబీ బ్లాకులు, పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ 8 కేబీ పేజీలు, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో 16 కేబీ పేజీలు. ఒక పేషెంట్ వివరం కావాలంటే ఆ వివరం ఉన్న పేజీని డిస్కు నుంచి మెమరీలోకి తేవాలి. తెచ్చిన పేజీని పని అయిపోగానే పారేయదు. మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని అక్కడే ఉంచుకుంటుంది. ఆ చోటుని ఒరాకిల్‌లో బఫర్ క్యాష్ అంటారు, పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్, మైఎస్‌క్యూఎల్‌లో బఫర్ పూల్. పేర్లు వేరైనా పని ఒకటే.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఉన్న జిరాక్స్ షాపుల్ని గమనించండి. రోజంతా అడిగే కోర్సు మెటీరియల్ కౌంటర్ మీదే దొంతరలుగా ఉంటుంది. అరుదుగా అడిగేది పై అంతస్తులో. ఏది కౌంటర్ మీద ఉండాలో ఓనర్ కూర్చుని నిర్ణయించలేదు, వచ్చిపోయే కుర్రాళ్ల గిరాకీ నిర్ణయించింది. ఇప్పుడు ఆ షాపు పక్క బిల్డింగులోకి మారిందనుకోండి. మెటీరియల్ అంతా అట్టపెట్టెల్లోనే ఉంది, ఒక్క కాగితం కూడా పోలేదు. కానీ కౌంటర్ ఖాళీ. మొదటిరోజు పొద్దున వచ్చిన ప్రతివాడి కోసం పెట్టె విప్పాలి. పనిచేసే కుర్రాడు అదే కుర్రాడు, వాడి చురుకు అదే చురుకు. సాయంత్రానికి కౌంటర్ మళ్లీ నిండుతుంది, షాపు ఎప్పటిలాగే నడుస్తుంది.

రీస్టార్ట్ అయిన డేటాబేస్ పరిస్థితి అదే. కొన్ని రోజులు, వారాలు పనిచేసి ఏ పేజీలు తరచూ కావాలో అది నేర్చుకుంది. ఆ నేర్చుకున్నదంతా మెమరీలో ఉంది. కరెంటు పోయినా, సర్వీసు ఆపినా అది తుడిచిపెట్టుకుపోతుంది.

లెక్క వేద్దాం

మెమరీ నుంచి ఒక చిన్న ముక్క చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి అయితే సుమారు 100 మైక్రోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్కు నుంచి, తల కదిలి సరైన చోటికి చేరేసరికి, సుమారు 10 మిల్లీసెకన్లు. చూడ్డానికి అన్నీ చిన్న అంకెలే. ఒక రిపోర్టుకి అక్కడక్కడా చెదిరి ఉన్న లక్ష పేజీలు కావాలనుకుంటే అసలు తేడా తెలుస్తుంది. అన్నీ మెమరీలో ఉంటే, చదవడానికి పట్టే సమయం సెకనులో నూరోవంతు. ఎస్‌ఎస్‌డీ అయితే 10 సెకన్లు. హార్డ్ డిస్కు అయితే 1,000 సెకన్లు, అంటే పదహారున్నర నిమిషాల పైన.

అదే క్వెరీ, అదే డేటా, అదే సర్వర్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. "రాత్రి ఎవరైనా ఏమైనా మార్చారా?" అని డెవలపర్ల మీద విరుచుకుపడే ముందు ఈ మూడు అంకెలు గుర్తు తెచ్చుకోవాలి.

ఇంకో లెక్క ఉంది, చాలామంది తడబడేది ఇక్కడే. డేటాబేస్ అడిగిన పేజీల్లో నూటికి ఎన్ని మెమరీలోనే దొరికాయో చెప్పే అంకెని హిట్ రేషియో అంటారు. అది 99 నుంచి 90కి పడిందంటే "తొమ్మిది శాతమే కదా" అనిపిస్తుంది. కానీ డిస్కు వైపు నుంచి చూడండి. వెయ్యి పేజీలు అడిగితే, 99 శాతం ఉన్నప్పుడు డిస్కు మీదకి పోయేవి 10. 90 శాతం అయ్యేసరికి 100. డిస్కు మీద భారం పదిరెట్లయింది. రీస్టార్ట్ తర్వాత రేషియో 50కి పడితే వెయ్యికి 500, అంటే యాభై రెట్లు. మామూలు రోజుల్లో తీరిగ్గా పనిచేసే డిస్కు ముందు ఒక్కసారిగా క్యూ ఏర్పడుతుంది. క్యూ ఏర్పడ్డాక ఒక్కో చదువుకీ పట్టే సమయం కూడా పెరుగుతుంది. అందుకే మొదటి నిమిషాలు అంత దారుణంగా ఉంటాయి.

ఎంతసేపట్లో కుదుటపడుతుంది? దానికీ లెక్కుంది. బఫర్ పూల్ 64 జీబీ అనుకుందాం. 16 కేబీ పేజీలైతే దాదాపు 42 లక్షల పేజీలు. క్లౌడ్‌లో సెకనుకి 3,000 చదువులు మాత్రమే అనుమతించే డిస్కు ఉంటే, పేజీ తర్వాత పేజీగా మొత్తం నిండడానికి దాదాపు 23 నిమిషాలు, అదీ డిస్కు ఇంకే పనీ చేయకుండా ఉంటే. పాత హార్డ్ డిస్కు సెకనుకి వంద చదువులే చేస్తే పదకొండున్నర గంటలు దాటుతుంది. మీ ఆఫీసు సర్వర్‌కి ఈ రెండు అంకెలు, అంటే బఫర్ సైజు, డిస్కు సెకనుకి ఎన్ని చదువులు చేయగలదు అన్నవి, ఇప్పటికిప్పుడు చెప్పగలరా? చెప్పలేకపోతే ఈ పేజీ దగ్గర ఆగి, రేపు ఆఫీసుకెళ్లగానే కనుక్కుని నోట్‌బుక్‌లో రాసుకోండి.

పంజాగుట్టలో పొద్దున ఆరున్నర

ఈ లెక్క కాగితం మీద ఒకలా ఉంటుంది, కౌంటర్ దగ్గర ఇంకోలా ఉంటుంది. పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ఉంది. ఆ చుట్టుపక్కల, సోమాజిగూడ దాకా ఆస్పత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు ఎన్నో. అలాంటి ఒక సెంటర్‌ని ఊహించుకోండి. పొద్దున ఆరున్నరకే జనం వస్తారు, ఎందుకంటే షుగర్ పరీక్షకి పరగడుపున రక్తం ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ నంబర్ కొట్టి పాత రికార్డు తీస్తుంది, కొత్త బిల్లు చేస్తుంది, బార్‌కోడ్ స్టిక్కర్ తీసి ట్యూబుకి అంటించమని లోపలికి పంపుతుంది. మామూలుగా ఒక్కొక్కరికి నిమిషం.

ఎవరో పొద్దున ఆరింటికి ప్యాచ్ వేసి సర్వర్ రీస్టార్ట్ చేశారు. ఆరింటికి జనం లేరు కాబట్టి అది సరైన వేళే అనుకున్నారు. ఆరున్నరకి మొదటి నంబర్ కొట్టగానే స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది. పాత రికార్డులు వెతికే ఇండెక్సు పేజీ ఒక్కటీ మెమరీలో లేదు. క్యూ గుమ్మం దాటి మెట్లమీదకి వచ్చింది. ఒక పెద్దాయన కౌంటర్ అంచు పట్టుకుని అడుగుతున్నాడు: "ఇంకెంత సేపమ్మా? రాత్రి తిన్నదే, షుగర్ ఉంది నాకు, కళ్లు తిరుగుతున్నయ్." ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆమె ఫోన్ చేసేది మీకే.

రీస్టార్ట్‌కి వేళ ఎంచుకోవడం అంటే జనం లేని గంట చూసుకోవడం ఒక్కటే సరిపోదు. ఆ తర్వాతి గంట కూడా ఖాళీగా ఉండాలి. పొద్దున పరగడుపు జనం వచ్చే సెంటర్‌కి ఆదివారం మధ్యాహ్నం మూడున్నర మంచి వేళ కావచ్చు. నగల షోరూముకి రాత్రి షాపు మూశాక. నెలాఖరున జీతాలు వేసే ఆఫీసుకి నెల మధ్యలో. మీ వ్యాపారంలో రద్దీ ఎప్పుడో మీ డేటాబేస్ కంటే కౌంటర్‌లో కూర్చున్న మనిషికే బాగా తెలుసు. వెళ్లి అడగండి. ఆ పదినిమిషాల మాట మీకు ఏ మానిటరింగ్ టూలూ ఇవ్వని సమాచారం ఇస్తుంది.

పేజీలతో పాటు ఇంకేం పోతాయి

మెమరీలో డేటా పేజీలు ఒక్కటే ఉండవు. రీస్టార్ట్‌తో పోయేవాటి జాబితా పెద్దదే.

మొదటిది, క్వెరీ ప్లాన్లు. ఒరాకిల్ షేర్డ్ పూల్‌లోనూ, ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్లాన్ క్యాష్‌లోనూ ఇంతకుముందు తయారుచేసిన ప్లాన్లు ఉంటాయి. రీస్టార్ట్ తర్వాత ప్రతి క్వెరీనీ కొత్తగా పార్స్ చేసి ప్లాన్ తయారుచేయాలి. దాన్నే హార్డ్ పార్స్ అంటారు. వందల క్వెరీలు ఒకేసారి ఆ పనికి దిగితే డిస్కుతో పాటు సీపీయూ కూడా పైకెక్కుతుంది.

రెండోది, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరున్న నకలు. పోస్ట్‌గ్రెస్ తన షేర్డ్ బఫర్స్‌తో పాటు లైనక్స్ పెట్టుకునే ఫైల్ క్యాష్ మీద కూడా ఆధారపడుతుంది. సర్వీసు ఒక్కటే రీస్టార్ట్ చేస్తే ఆ నకలు చాలావరకు మిగిలే ఉంటుంది, దెబ్బ చిన్నది. మెషిన్ మొత్తం రీబూట్ చేస్తే అదీ పోతుంది. మైఎస్‌క్యూఎల్‌ని, ఒరాకిల్‌ని చాలాచోట్ల ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ని దాటి నేరుగా డిస్కుని చదివేలా పెడతారు. అక్కడ సర్వీసు ఆపినా చాలు, మొత్తం ఖాళీ అయినట్టే. కాబట్టి "సర్వీసు రీస్టార్టా, మెషిన్ రీబూటా?" అన్నది మీరు అడగాల్సిన తొలి ప్రశ్న.

మూడోది, అప్లికేషన్ పెట్టుకున్న క్యాష్. మెమ్‌క్యాష్డ్ వాడుతుంటే అది రీస్టార్ట్ కాగానే అందులో ఏమీ మిగలదు. రెడిస్‌కి డిస్కు మీద స్నాప్‌షాట్, లాగ్ రాసుకునే సదుపాయాలున్నాయి, వాటిని ఆన్ చేసి ఉంటే తిరిగి లోడ్ చేసుకుంటుంది. డేటాబేస్‌నీ ఈ క్యాష్‌నీ ఒకే రాత్రి ఆపితే భారమంతా ఖాళీ మెమరీతో ఉన్న డేటాబేస్ మీద పడుతుంది. రెంటికీ మధ్య ఎడం ఉంచండి.

నాలుగోది, క్లౌడ్‌లో ఉన్నవాళ్లకి మాత్రమే వచ్చే చిక్కు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ ప్రారంభించాక మన ఊరి కంపెనీలు కొన్ని సర్వర్లని ఇక్కడే పెట్టుకోగలుగుతున్నాయి. అక్కడ స్నాప్‌షాట్ నుంచి కొత్త డిస్కు తయారుచేస్తే, డేటా మొత్తం వెంటనే దిగదు. ఒక్కో భాగాన్నీ మొదటిసారి ముట్టుకున్నప్పుడు వెనక నుంచి తెస్తుంది. అప్పుడు ఖాళీ మెమరీకి తోడు మందకొడి డిస్కు కూడా కలుస్తుంది. రిస్టోర్ చేసిన రోజు మామూలు రీస్టార్ట్ రోజు కంటే బరువుగా ఉంటుందని ముందే అనుకోవాలి.

"రీస్టార్ట్ చేస్తే బాగయింది" అన్నప్పుడు

దీనికి ఎదురు మాట కూడా మీరు వినే ఉంటారు. సర్వర్ స్లోగా ఉంది, రీస్టార్ట్ చేశాం, బాగయింది. ఇది నిజంగానే జరుగుతుంది. కారణాలున్నాయి. ఎవరో లాక్ పట్టుకుని వదలకుండా ఉన్న సెషన్ పోయింది. పేరుకుపోయిన కనెక్షన్లు పోయాయి. ఒక అరుదైన విలువకి తగ్గట్టు తయారై అందరినీ ఇబ్బంది పెడుతున్న చెడ్డ ప్లాన్ పోయి, ఈసారి మొదట వచ్చిన యూజర్ అడిగిన విలువకి మంచి ప్లాన్ తయారైంది. అంటే సమస్య తాత్కాలికంగా పక్కకి జరిగింది. రేపో ఎల్లుండో మొదట వచ్చే యూజర్ మారితే అదే మళ్లీ వస్తుంది.

ఇందులో నన్ను నిజంగా బాధించేది సాక్ష్యం పోవడం. ఏ సెషన్ ఎవరిని ఆపింది, ఏ క్వెరీ ఎంతసేపు తిన్నది అన్న వివరాల్లో చాలా భాగం మెమరీలోనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ పర్ఫార్మెన్స్ స్కీమాలో ఉన్న లెక్కలు రీస్టార్ట్‌తో సున్నా అవుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ సూచించే మిస్సింగ్ ఇండెక్సుల జాబితా కూడా అంతే. రీస్టార్ట్ చేసిన మనిషి ఆ రాత్రి ఇంటికి తొందరగా వెళ్తాడు కానీ, వచ్చే నెల అదే రాత్రి మళ్లీ మేలుకోవాల్సిన పరిస్థితిని తనే తెచ్చిపెట్టుకుంటాడు.

అందుకని ఎంత తొందర ఉన్నా రీస్టార్ట్‌కి ముందు రెండు నిమిషాలు అడిగి తీసుకోండి. ఆ రెండు నిమిషాల్లో చేయాల్సినవి:

1. ఇప్పుడు నడుస్తున్న సెషన్లు, ఎవరు ఎవరికోసం ఆగి ఉన్నారో చూపే లాకుల జాబితా ఒక ఫైల్‌లోకి తీయండి.

2. ఎక్కువ సమయం తీసుకుంటున్న పది క్వెరీలు, వాటి ప్లాన్లు సేవ్ చేయండి.

3. ఒరాకిల్‌లో ఏడబ్ల్యూఆర్ లైసెన్సు ఉంటే చేత్తో ఒక స్నాప్‌షాట్ తీయండి. అది మామూలుగా గంటకోసారే తీసుకుంటుంది, చివరి గంట కథ పోకూడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి క్వెరీ స్టోర్ ఉంది, దాన్ని ముందే ఆన్ చేసి ఉంచితే లెక్కలు డేటాబేస్‌లోనే నిలుస్తాయి.

4. సీపీయూ, మెమరీ, డిస్కు అంకెలు, సమయంతో సహా రాసుకోండి.

5. ఆ తర్వాత డేటాబేస్‌ని పద్ధతిగా ఆపండి. ఒరాకిల్‌ని అబార్ట్‌తో ఆపితే, పైకొచ్చేటప్పుడు రికవరీ పని కూడా నెత్తిన పడుతుంది.

ముందే నింపి ఉంచడం

ఖాళీ మెమరీతో జనం ముందుకి వెళ్లాల్సిన అవసరం లేదు. యూజర్లని లోపలికి వదలకముందే మెమరీ నింపుకునే మార్గాలు డేటాబేస్‌లలోనే ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్ 5.6 నుంచి ఈ సదుపాయం ఉంది, 5.7 నుంచి మనం ఆన్ చేయకుండానే ఆన్‌లో ఉంటుంది. ఆపేటప్పుడు బఫర్ పూల్‌లో ఏ పేజీలు ఉన్నాయో వాటి నంబర్లు ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది, డేటా రాయదు. పైకొచ్చాక ఆ నంబర్లని వరసలో పెట్టి, ఆ వరసలో డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. ఈ వరసలోనే కిటుకంతా ఉంది. చెదిరిన పేజీలని ఒక్కొక్కటిగా తెస్తే గంటలు పట్టే హార్డ్ డిస్కు, వరసగా చదివితే సెకనుకి 150 ఎంబీ దాకా ఇవ్వగలదు. ఆ వేగంతో 64 జీబీకి ఏడెనిమిది నిమిషాలు చాలు. నిజంలో పేజీల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి అంత వేగం రాదు, అయినా గంటల పని నిమిషాల్లోకి దిగుతుంది. గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఇటీవల వాడిన పేజీల్లో నూటికి 25 నంబర్లే రాయాలన్నది అందులో ఉన్న సెట్టింగు, మీ అవసరాన్నిబట్టి పెంచుకోవచ్చు. ఇక సర్వర్ క్రాష్ అయితే ఆపేటప్పుడు రాయాల్సిన ఆ ఫైల్ తాజాగా ఉండదు. అందుకే మధ్యమధ్యలో చేత్తోనో, షెడ్యూల్ పెట్టో డంప్ తీసి ఉంచడం మంచిది.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ప్రీవార్మ్ అనే ఎక్స్‌టెన్షన్ 9.4 నుంచి ఉంది. టేబుల్ పేరో, ఇండెక్సు పేరో ఇస్తే దాని పేజీలన్నీ మెమరీలోకి తెస్తుంది. 11వ వెర్షన్ నుంచి ఆటోప్రీవార్మ్ కూడా వచ్చింది. దాన్ని పెట్టుకుంటే, మామూలుగా 5 నిమిషాలకోసారి మెమరీలో ఏ పేజీలున్నాయో రాసుకుంటుంది, క్రాష్ అయినా ఆ జాబితా నుంచి తిరిగి నింపుకుంటుంది.

ఒరాకిల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చాలాచోట్ల చేసే పని, రద్దీలో ఎక్కువగా నడిచే క్వెరీలని ఒక స్క్రిప్టులో పెట్టి యూజర్లు రాకముందే నడపడం. దీనివల్ల డేటాతో పాటు ప్లాన్లు కూడా తయారవుతాయి. అయితే ప్లాన్ ఎలా తయారవుతుందన్నది మీరిచ్చే విలువ మీద ఆధారపడుతుంది. స్క్రిప్టులో అరుదైన విలువలు పెట్టకండి, ఎక్కువమంది అడిగేవే పెట్టండి.

ఇక్కడొక పొరపాటు దారి ఉంది. "టేబుల్ మొత్తం ఒకసారి కౌంట్ చేయిస్తే మెమరీ నిండుతుంది కదా" అని చాలామంది అనుకుంటారు. నిండదు. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్‌లో పావుభాగం కంటే పెద్ద టేబుల్‌ని మొత్తం చదివితే, అది మెమరీలో ఒక చిన్న వలయంలోనే తిప్పుతూ చదువుతుంది. ఇన్నోడీబీ అలా వచ్చిన పేజీలని పాత పేజీల వైపు పెట్టి, త్వరగా బయటకి పంపేస్తుంది. ఒరాకిల్ 11జీ నుంచి పెద్ద టేబుళ్లని చాలాసార్లు బఫర్ క్యాష్‌లోకి తేకుండా పక్కనుంచే చదువుతుంది. ఈ మూడూ వేర్వేరు పద్ధతుల్లో చేస్తున్నది ఒక్కటే: ఎవరో ఒకరు వేసిన పెద్ద రిపోర్టు వల్ల మిగతా అందరికీ అవసరమైన పేజీలు కొట్టుకుపోకుండా కాపాడటం. ఆ కాపుదల గురించి తెలియకపోతే, నింపామనుకుని ఖాళీ మెమరీతోనే జనం ముందుకి వెళ్తారు.

మీ కళ్లతో మీరే చూడండి

ఎవరో చెబితే విన్నది ఇంటర్వ్యూ దాకా కూడా నిలవదు. చేత్తో చేసింది నిలుస్తుంది. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ చాలు, పోస్ట్‌గ్రెస్ ఉచితం.

పీజీబెంచ్‌తో స్కేల్ 100 పెట్టి శాంపిల్ డేటా తయారుచేయండి. అకౌంట్స్ టేబుల్‌లో కోటి వరసలు వస్తాయి, అవి 1,63,935 పేజీల్లో పడతాయి, సుమారు 1,280 ఎంబీ. షేర్డ్ బఫర్స్ మామూలుగా 128 ఎంబీ ఉంటుంది, దాన్ని 2 జీబీ చేసి సర్వీసు రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు ఆ టేబుల్‌లో బ్యాలెన్సుల మొత్తం తీసే క్వెరీని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో, బఫర్స్ ఆప్షన్ పెట్టి నడపండి. ఫలితంలో షేర్డ్ రీడ్ అన్నచోట లక్షా అరవై వేల పైచిలుకు కనిపిస్తుంది. హిట్ అన్నచోట దాదాపు ఏమీ ఉండదు.

అదే క్వెరీ రెండోసారి నడపండి. సమయం తగ్గొచ్చు, ఎందుకంటే లైనక్స్ దగ్గర నకలు ఉంది. కానీ హిట్ అంకె చూడండి, బొత్తిగా కొంచెమే పెరుగుతుంది. ఇందాక చెప్పిన చిన్న వలయం అదే. ఇప్పుడు పీజీ ప్రీవార్మ్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, ఆ టేబుల్ పేరిచ్చి నడపండి. జవాబుగా 1,63,935 అని వస్తుంది, అన్ని పేజీలూ మెమరీలోకి వచ్చాయన్నమాట. క్వెరీ మళ్లీ నడిపితే రీడ్ ఉన్నచోటకి హిట్ వస్తుంది. చివరగా సర్వీసు రీస్టార్ట్ చేసి ఇంకోసారి నడపండి, ఆ తర్వాత ల్యాప్‌టాప్ మొత్తం రీబూట్ చేసి ఇంకోసారి. రెండు సమయాలూ పక్కపక్కన రాసుకోండి. ఈ అధ్యాయంలో సగం ఆ రెండు అంకెల మధ్య ఉంది.

ఆ గంటలో ఏం చూడాలి, ఏం చెప్పాలి

రీస్టార్ట్ అయ్యాక మొదట చూడాల్సింది డిస్కు చదువుల వేగం. మైఎస్‌క్యూఎల్‌లో బఫర్ పూల్ రీడ్స్, రీడ్ రిక్వెస్ట్స్ అనే రెండు లెక్కలుంటాయి. మొదటిది డిస్కు దాకా వెళ్లినవి, రెండోది మొత్తం అడిగినవి. ఒరాకిల్‌లో ఫిజికల్ రీడ్స్, లాజికల్ రీడ్స్. అయిదు నిమిషాలకోసారి చూసి, ఈ అయిదు నిమిషాల్లో ఎంత పెరిగిందో మాత్రమే లెక్కపెట్టండి. డిస్కు చదువులు విడత విడతకీ తగ్గుతున్నాయంటే మెమరీ నిండుతోంది, ఓపిక పట్టడమే మందు. తగ్గకుండా అలాగే ఉన్నాయంటే కారణం ఇంకేదో ఉంది. ప్లాన్ మారిందేమో, మెమరీ సెట్టింగు రీస్టార్ట్‌లో పాత విలువకి పోయిందేమో, ఏదైనా ఇండెక్సు లేదేమో వెతకండి. ఈ రెండు పరిస్థితులనీ విడదీయగలగడమే ఆ గంటలో మీరు చేసే అసలు పని.

భారం ఒక్కసారిగా వదలకండి. వీలుంటే ముందు కౌంటర్లని వదిలి, రిపోర్టులని, బ్యాచ్ జాబ్‌లని అరగంట ఆపండి. పరగడుపున నిలబడ్డ మనిషి బిల్లు ముందు, నెలవారీ రిపోర్టు తర్వాత.

చెప్పే మాట కూడా నేర్చుకోవాల్సిన విద్యే. "చూస్తున్నాం సార్" అన్న మాట ఎదుటివాళ్లకి ఏమీ ఇవ్వదు. ఇలా చెప్పి చూడండి: "సార్, సర్వర్ అయిదూ పదికి పైకొచ్చింది. డేటా అంతా సరిగ్గా ఉంది. మెమరీ ఖాళీగా మొదలైంది కాబట్టి స్లోగా ఉంది. డిస్కు రీడ్స్ పది నిమిషాల క్రితం ఉన్నదాంట్లో సగానికి వచ్చాయి. ఇంకో ఇరవై నిమిషాల్లో మామూలవుతుందని అంచనా. అప్పటిదాకా రిపోర్టులు ఆపమని చెప్పండి. అయిదున్నరకి మళ్లీ చెప్తాను." ఇందులో సమయం ఉంది, కారణం ఉంది, రుజువు ఉంది, ఎదుటివాళ్లు చేయాల్సిన పని ఉంది, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో ఉంది. అయిదున్నరకి మెరుగైనా, కాకపోయినా ఫోన్ చేయండి. ఆ ఫోనే నమ్మకం.

ఇదే విషయం ఇంటర్వ్యూలో ఇంకో రూపంలో వస్తుంది: రీస్టార్ట్ తర్వాత క్వెరీ ఎందుకు స్లో అయింది, ఏం చేస్తావ్? "క్యాష్ ఖాళీ అవుతుంది సార్" అని ఆపేవాళ్లు చాలామంది. మీరు ఇంకో మూడు మెట్లు ఎక్కండి. అది క్యాషే అని ఎలా నిర్ధారిస్తారో చెప్పండి, ఎంతసేపు పడుతుందో లెక్క కట్టి చూపండి, వచ్చేసారి రాకుండా ముందే ఎలా నింపుతారో చెప్పండి. మీరు చేతులతో చేసిన 1,63,935 పేజీల ప్రయోగం చెప్పండి. కంఠతా పట్టిన జవాబుకీ చేసి చూసిన జవాబుకీ తేడా బల్లకి అటువైపు కూర్చున్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఈ వారం చేయాల్సిన పనులు

సోమవారం: మీ సర్వర్ బఫర్ సైజు, పేజీ సైజు, డిస్కు సెకనుకి చేయగల చదువులు కనుక్కోండి. ఖాళీ నుంచి నిండడానికి ఎంతసేపో లెక్క వేయండి. ఉద్యోగం ఇంకా రాకపోతే మీ ల్యాప్‌టాప్‌కి వేయండి.

మంగళవారం: మామూలు రోజున రద్దీ గంటలో హిట్ రేషియో, డిస్కు చదువులు ఎంత ఉంటాయో రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకె తెలియకపోతే జ్వరం ఎంతో తెలియదు.

బుధవారం: పీజీబెంచ్ ప్రయోగం మొత్తం చేయండి.

గురువారం: రీస్టార్ట్‌కి ముందు తీయాల్సిన నాలుగు వివరాలకి ఒక స్క్రిప్టు రాసి, టెస్ట్ సర్వర్ మీద నడిపి చూడండి. అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు కమాండ్లు గుర్తు రావు, స్క్రిప్టు ఉంటే చాలు.

శుక్రవారం: సిస్టమ్ వాడే మనిషిని, అంటే క్యాషియర్‌నో, రిసెప్షన్‌లో ఉన్నవాళ్లనో కలిసి రోజులో, వారంలో, నెలలో రద్దీ ఎప్పుడో అడగండి. దాన్నిబట్టి రీస్టార్ట్‌కి రెండు మంచి వేళలు ఎంచి, మేనేజర్‌కి మెయిల్ పెట్టండి.

శనివారం: మేనేజర్‌కి చెప్పాల్సిన మాటని మీ సర్వర్ అంకెలతో రాసి, పైకి చదివి, ఒక స్నేహితుడికి వినిపించండి. సాంకేతిక పదాలు తెలియని స్నేహితుడైతే ఇంకా మంచిది. వాళ్లకి అర్థమైతే కౌంటర్‌లో అమ్మాయికీ అర్థమవుతుంది, ఆమె ఆ మాటనే క్యూలో నిలబడ్డవాళ్లకి చెప్పగలుగుతుంది.

ఈ ఆరు పనుల్లో ఏదీ రెండు గంటలకి మించదు, ఏదీ పెద్ద జీతం వచ్చేవాళ్లు మాత్రమే చేయగలిగింది కాదు. ఇవి చేసి ఉంచినవాళ్లకి రీస్టార్ట్ తర్వాతి గంటలో భయపడడానికి కారణం ఉండదు. ఏం జరుగుతుందో వాళ్లకి ముందే తెలుసు, ఎంతసేపో తెలుసు, ఎవరికి ముందు దారి ఇవ్వాలో తెలుసు. మీ పేరు ఆ జాబితాలో ఉండాలంటే సోమవారం పని ఈరోజే మొదలుపెట్టండి.